చేసిన ఉప్పు కాదు, పడిన ఉప్పు

మొన్నొక మధ్యాహ్నం నా మనవడు మిషన్ బడి నుంచి వస్తూనే పుస్తకం తెరిచి నా ముందు కూర్చున్నాడు. మేముండేది పోదనూరులో, రైలు కంపెనీ కట్టించిన వరసయిళ్ళలో. నా కొడుకు ఇంజన్లకు బొగ్గు వేస్తాడు. మా వంశంలో అక్షరాన్ని ముట్టుకున్న మొదటివాడు ఈ మనవడే. బడిలో విన్నదంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే వాడికి అన్నం సయించదు.

“అవ్వా, విను. వస్తువులు మారేది నాలుగు తీర్లంట. రెండు చేరి ఒకటయ్యేది ఒక తీరు. ఒకటి విడిపోయి రెండయ్యేది ఇంకో తీరు. ఒకటి వచ్చి ఇంకోదాన్ని తోసేసి ఆ చోట కూచునేది మూడోది. రెండు జతలు ఒకరిదొకరు మార్చుకునేది నాలుగోది. మా వాద్యారు చెప్పినాడు, ఇదంతా సీమ దొరలు కనిపెట్టినారంట. మన పక్కల ఎవురికీ తెలీదంట!”

“అట్లనా? సరి, పోయి బువ్వ తిను,” అన్నాను.

వాడు లోపలికి పోయాడు. నేను గడప మీద నుంచి లేవలేకపోయాను. ఆ నాలుగు తీర్లూ నాకు ఎనిమిదేళ్ళు నిండకముందే వచ్చు. నేర్పింది సీమ దొర కాదు, మా నాయనను కన్న అవ్వ. ఆ చదువు నాకు రాకపోయి ఉంటే మా ఇల్లు నిలిచి ఉండేదన్న సంగతి కూడా నాకు తెలుసు. ఇన్నేళ్ళూ ఈ మాట నా కొడుక్కి కూడా చెప్పలేదు.

నా చిన్నతనంలో కోయముత్తూరుకు తూర్పున, నల్లరేగడి చేలు మొదలయ్యే చోట, మావి పన్నెండు గుడిసెలు. మా పెద్దలు ఏ కాలంలోనో తుంగభద్ర అవతల నుంచి ఏదో దండు వెంట మన్ను తవ్వుతూ వచ్చి ఇక్కడ ఆగిపోయారట. ఊళ్ళో అరవం, ఇంట్లో తెలుగు. ఆ చుట్టుపట్ల భూములన్నీ ఒక నాయకరువి. ఆయనదీ తెలుగే. మా నాయన ఆయన వాకిట నిలబడి మాట్లాడుతుంటే ఇద్దరి భాషా ఒకటే. అరుగు మాత్రం ఆయనది, ఎండ మాది.

మా పని పెట్లుప్పు వండడం. తుపాకి మందులో కలిపే తెల్లటి ఉప్పు అది. పశువుల దొడ్లలో, పాత గోడల మొదట్లో, కూలిపోయిన కోట మట్టిలో ఎండాకాలం తెల్లగా పూస్తుంది. పొద్దు పొడవగానే ఆడవాళ్ళు కొబ్బరి చిప్పలతో ఆ మన్నును గీకి గంపలకెత్తేవాళ్ళు. పెద్ద తొట్టి అడుగున గడ్డి పరిచి, మన్నూ బూడిదా కలిపి పోసి, పైన నీళ్ళు పోస్తే, అడుగు రంధ్రంలోంచి ఎర్రటి నీరు చుక్కచుక్కగా దిగేది. దాన్ని పెనంలో మరగబెట్టేవాళ్ళు. తడిసిన బూడిద వాసన, ఎండిన పేడ వాసన, తుమ్మకంప పొగ — ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ ఇంజన్ పొగలో తుమ్మపొగ కోసం వెతుక్కుంటాను. ఉండదు.

నీరు మరిగి చిక్కబడుతుంటే, ముందు పెనం అడుగున తిండి ఉప్పు ఇసకలా పడేది. దాన్ని చిల్లుల గరిటెతో తోడేసి, మిగిలిన నీటిని వెడల్పాటి చట్టిలో పోసి చల్లారనిస్తే, మరునాటికి సూదుల్లాగా పెట్లుప్పు కట్టేది. చట్టి మీది గుడ్డ తీయడం నా వంతు. ఆ సూదులు ఎండకు మెరుస్తుంటే, అవి రాత్రికి రాత్రి నాకోసమే మొలిచాయనుకునేదాన్ని.

పెట్లుప్పు వండడానికి కుంపిణీవారు మాకు చీటీ ఇచ్చారు. వండినదంతా వాళ్ళకే పోసేవాళ్ళం. తిండి ఉప్పు మాత్రం కుంపిణీ కొఠారులో కొనాల్సిందే, ఇంకెవరూ చేయకూడదని చట్టం. మరి మా పెనంలో ముందుగా పడే ఉప్పు మాటేమిటి? దాన్ని ఉప్పు చౌకీ జవాను కళ్ళెదుట మన్నులో పోసి తొక్కి, పైన పేడనీళ్ళు చల్లాలి. మా అమ్మ తన గరిటెతో తీసిన ఉప్పును తన కాళ్ళతోనే తొక్కేది. తొక్కి వచ్చి సజ్జ సంగటి కెలికేది. కొఠారు ధర మాకు అందేది కాదు గనక ఆ సంగటిలో ఉప్పుండేది కాదు. చింతచిగురూ పచ్చిమిరపకాయలూ నూరి పెడితే పులుపూ కారమూ నోట్లో కొట్టుకునేవి తప్ప వాటిని కలిపేది మాత్రం ఉండేది కాదు. మూడో మనిషి రాని పంచాయితీలాగుండేది ఆ తిండి.

అవ్వ దీనికి లొంగలేదు. జవాను రాకముందే రెండు పిడికిళ్ళు తీసి కొంగున ముడివేసుకునేది. గుడిసె మూల, కోళ్ళగంప కింద గొయ్యి తీసి ఒక చిన్న కుండ పాతిపెట్టింది. బాలింతలకూ, జ్వరం తగ్గి పథ్యం తినేవాళ్ళకూ ఆ కుండలోంచే పన్నెండు గుడిసెలకూ చిటికెడు చిటికెడు వెళ్ళేది. పిల్లలందరికీ ఒకటే కట్టడి.

“కుండ మాట నోట్లో రాకూడదు. వస్తే నాలిక కోస్తా.”

అవ్వ పొడుగు మనిషి. వేళ్ళు ఉప్పునీటికి పగిలి తెల్లగా ఉండేవి. చెవులకు ఏమీ ఉండేవి కావు, రంధ్రాలు మాత్రం భుజాల దాకా సాగి ఉండేవి. మా నాయనకు పెనం దింపడం వచ్చు, ఎప్పుడు దింపాలో అవ్వే చెప్పాలి. బూడిద ఏ చెట్టుది, ఎంత, ఏ మన్నుకు — ఇదంతా ఆమె తలలో ఉండేది. ఎవరైనా అడిగితే చెప్పేది. అడిగింది నేనొక్కదాన్నే.

ఆమె నేర్పే పద్ధతి ఒకటుంది. ఏది చూపినా ముందు మూడు ప్రశ్నలు వేయమనేది.

“ఏం వేస్తిమి? ఏం వచ్చె? ఏం పోయె? ఈ మూడూ అడుగు పాపా. మార్పు ఏ తీరుదో అదే చెప్తాది.”

మా పక్కనే ఒకరు సున్నపు బట్టీ కాల్చేవారు. ఒకరోజు అవ్వ నన్ను అక్కడికి తీసుకుపోయి ఒక రాయి చేతికిచ్చింది. బరువు చూడమంది. తర్వాత అదే రాయిని బట్టీలో పెట్టించి, కాలి చల్లారాక మళ్ళీ నా చేతిలో పెట్టింది.

“ఇప్పుడు?”

“తేలిక అయిపోయింది అవ్వా.”

“రాయి చెక్కలేదు, పగలలేదు. అయినా తేలికాయె. అంటే దాంట్లో ఉండేది ఏదో లేచిపోయింది. కంటికి కనబడదు గాని పోయింది. ఇది తెగతెంపులు.”

ఆ రాయి మీదే నీళ్ళు పోసింది. బుసబుసమని పొగలెగసి రాయి పొడైపోయింది. నేను భయపడి వెనక్కి గెంతాను.

“ఇది పెండ్లి. ఇద్దురు చేరి ఒకటైనారు. ఉడుకు చూడు, మేళం మాదిరి!”

మూడో తీరు చూపడానికి నాటువైద్యుడి దగ్గర నుంచి పుండ్లకు వేసే మైలుతుత్తం తెచ్చి నీళ్ళలో కరిగించింది. నెమలి మెడ రంగు నీళ్ళు. అందులో ఇనుప మేకు వేసింది. కాసేపటికి మేకు ఎర్రబారింది. గీకితే రాగి.

“రాగి నీళ్ళలో కాపరం ఉండె. ఇనుము పోయి ఆ చోట కూచునె. రాగి వాకిట పడె. సవతి వచ్చిన ఇల్లు ఇట్లనే ఉంటాది,” అని కంపను పొయ్యిలోకి గట్టిగా తోసింది. అవ్వ మీదికి తాత ఇంకొకతెను తెచ్చుకున్నాడని, అవ్వ కొడుకును చంకనెత్తుకుని ఈ గుడిసెలకు వచ్చేసిందని అమ్మ తర్వాత చెప్పింది.

నాలుగోది మా తొట్టిలోనే ఉంది. అది కంటికి కనబడాలని అవ్వ విడిగా ఒక చట్టిలో మన్ను నీళ్ళు తీసి బూడిద నీళ్ళు పోస్తే తెల్లటి గుజ్జు అడుగున పడింది.

“రెండు ఇండ్లు. వాండ్ల పిల్లను వీండ్లకిచ్చి, వీండ్ల పిల్లను వాండ్లకిచ్చినారు. దీన్ని ఏమంటారే?”

“కుండమార్పిడి!” అని అరిచాను. మా అత్త పెళ్ళి అలాగే జరిగింది మరి.

“అంతే. ఒక జంట అడుగున బురదై కూచునె. ఇంకో జంట నీళ్ళలో ఉండాది. అదే మన పెట్లుప్పు.”

అప్పుడు నేనడిగాను: “మరి పెనంలో తిండుప్పు పడేది ఏ తీరు అవ్వా?”

అవ్వ నా వైపు కొత్తగా చూసింది. పనివాడు మంచి పనిముట్టును చూసినట్టు.

“అది ఏ తీరూ గాదు. ఉప్పు మన్నులోనే ఉండె. నీళ్ళలోకి దిగె. నీళ్ళు ఆవిరైతే మళ్ళా పడె. ఏదీ మారలేదు. అది మనం చేసింది గాదు, పడింది. చేసేది వేరు, పడేది వేరు. చానామందికి ఇది తెలీదు.”

ఈ చదువుతో నేను చేయని కోతి పని లేదు. కోడిగుడ్డు దొంగిలించి, సున్నపు రాళ్ళ మధ్య పెట్టి నీళ్ళు పోసి ఉడికించుకున్నాను. సగం గుడ్డు పచ్చి, సగం సున్నం, నోరు పొక్కింది. అమ్మ కుట్టుసూదిని మైలుతుత్తం నీళ్ళలో వేసి, ఎర్రబడ్డాక “అమ్మా, బంగారు సూది!” అని ఇచ్చాను. తుప్పు పట్టించానని వీపు మీద రెండు వేసింది. పక్కింటి పిన్నమ్మ పొయ్యిలో పెట్లుప్పు పిడికెడు వేసి, ఆమె పెట్టిన కేకకు వారం రోజులు నవ్వుకున్నాను. పెట్లుప్పును నిప్పు మీద వేస్తే బుస్సుమని మంట లేస్తుంది. తిండి ఉప్పు వేస్తే చిటపటమని ఊరుకుంటుంది. రెండూ తెల్లనివే, కంటికి తేడా తెలియదు. నిప్పుకు తెలుస్తుంది. ఇది కూడా అవ్వ చూపిందే.

ఆ ఏడు ఎండలు ముదిరాక నాయకరు చింతతోపులో ఒక దొర గుడారం వేశాడు. సైన్యం దొర కాదు, పన్నుల దొర కాదు. రాళ్ళూ ఆకులూ ఏరుకుంటూ తిరిగేవాడు. పడుచువాడు, ముక్కు మీద తోలు ఎండకు ఊడిపోతుండేది. పెట్లుప్పు వండేది చూడాలని ఒక పొద్దున మా దగ్గరికి వచ్చాడు. వెంట ఒక దుబాసీ. దొరకు దారి చూపడానికి జవాన్ల పైఅధికారి, చౌకీ అమీను కూడా వచ్చాడు.

దొర తొట్టి దగ్గర మన్నులోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్దమనిషన్నవాడు మా మన్నులో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. రంధ్రంలోంచి పడే చుక్కను వేలితో అందుకుని నాలుకకు రాసుకున్నాడు. అవ్వ దూరం నుంచి చూస్తూ నిలబడింది. అధికారి ఎవడొచ్చినా “సామీ” తప్ప ఇంకో మాట అనని మనిషి, ఆ చుక్కను అతను రుచి చూడగానే దగ్గరికి నడిచింది.

“బూడిద ఎందుకని అడుగుతున్నారు దొరగారు,” అన్నాడు దుబాసీ అరవంలో.

అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులో, అరవంలో, చేతులతో. ఏ కట్టె బూడిద, ఎందుకు, గుజ్జు ఎందుకు పడుతుంది, అన్నీ. కుండమార్పిడి దగ్గరికొచ్చేసరికి దుబాసీ తల గోక్కున్నాడు. నేను రెండు పుల్లలు, రెండు రాళ్ళు తీసుకుని జతలు మార్చి చూపాను. దొరకు అర్థమైంది. కళ్ళు పెద్దవి చేసి, గబగబా పుస్తకంలో రాసుకున్నాడు. అవ్వ మొహం చూడాలి అప్పుడు. నలభై ఏళ్ళు పొయ్యి ముందు కూర్చున్న మనిషిని మొదటిసారి ఒకడు అడుగుతున్నాడు. పొగచుట్ట పక్కన పెట్టి మరీ చెప్పింది.

“రెండు ఉప్పులూ తెల్లనివే కదా, తేడా ఎలా తెలుస్తుందంటున్నారు?” అన్నాడు దుబాసీ.

అవ్వ అమీను వైపు ఒకసారి చూసింది. “నాలికకు తెలుస్తాది సామీ,” అంది. అంతటితో ఊరుకుంది.

అవ్వ మరిచిపోయిందనుకున్నాను. అంత పెద్ద చదువులో ఒక ముక్క తప్పిపోతోందనుకున్నాను.

“నాలిక కాదు, నిప్పుకు తెలుస్తాది!” అని అరిచాను. చట్టిలోంచి పెట్లుప్పు సూదులు తీసి కణకణలాడే బొగ్గు మీద వేశాను. బుస్సుమని ఊదారంగు మంట లేచింది. దొర చప్పట్లు కొట్టాడు.

“మరి తిండి ఉప్పు వేస్తే?” అన్నాడు దుబాసీ.

తిండి ఉప్పు బయట లేదు. ఆ తెల్లవారే జవాను ఎదుట అమ్మ ఉన్న ఉప్పంతా తొక్కేసింది.

“పాపా, దొరకు తాగను నీళ్ళు తే,” అంది అవ్వ. గొంతు మామూలుగానే ఉంది.

“ఉండు అవ్వా!” అని గుడిసెలోకి పరుగెత్తాను. కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ చెదిరిపోయాయి. గంప జరిపి, కుండలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసుకుని బయటికొచ్చాను. కుండ మాట నా నోట్లో రాలేదు, నిజమే. అవ్వ నోటి గురించే చెప్పింది, చేతి గురించి చెప్పలేదు.

నిప్పు మీద ఉప్పు చిటపటలాడింది. అంతే, మంట లేదు. దొర నవ్వి, ఒక భూతద్దం తీసి నా అరచేతి మీద పట్టి చూడమన్నాడు. ఉప్పు గింజలు నాలుగు మూలల పెట్టెల్లా కనిపించాయి. అంత అందమైనది నేను అంతవరకు చూడలేదు. తర్వాత కూడా పెద్దగా చూడలేదు.

అమీను వంగి నా అరచేతిలోంచి రెండు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు.

“ఎంగిరుందు ఎడుత్తే, కన్ను?” అన్నాడు. ఎక్కడ తీశావు తల్లీ, అని. మా నాయన కూడా నన్ను అంత మెల్లగా పిలవలేదు.

అప్పుడు అవ్వ మొహం చూశాను కాబట్టి చెప్పలేదు. కానీ నా తల అప్పటికే గుడిసె వైపు, కోళ్ళగంప వైపు తిరిగింది. అదే చాలింది. అమీను నా తల నిమిరి, దొర వెంట వెళ్ళిపోయాడు.

మరునాటి పొద్దున ఆరుగురు జవాన్లతో వచ్చాడు. గంప విసిరేసి, కుండ పైకి తీసి, వాకిట్లో పెట్టి అందరినీ పిలిచాడు.

“పెట్లుప్పుకి చీటీ ఇస్తే ఉప్పు చేస్తారా? ఎవురు చేసినారు?”

నాయన ముందుకు రాబోయాడు. అవ్వ చేత్తో అడ్డుపెట్టి తనే ముందు నిలబడింది.

“ఎవురూ చెయ్యలేదు సామీ. ఉప్పు చేసేది కాదు. మన్నులో ఉండేది. మేము వద్దన్నా పడతాది. మీరు పెట్లుప్పు వండమంటిరి, దాన్ని వండితే ఇది పడక తప్పదు. పడిన ఉప్పుకు మేమేం చేస్తాము?”

“పడిందా? పైనుంచా?” అన్నాడు అమీను. జవాన్లు నవ్వారు.

“నవ్వద్దు సామీ. చేసేదానికీ పడేదానికీ తేడా ఉండాది. బూడిద వేస్తే పెట్లుప్పు అవుతాది, అది చేసింది. ఇది చేసింది గాదు. నా పెనం ముందర కూచోండి, చూపిస్తా. నిన్న దొర చూసినాడు, దొరను అడగండి.”

నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాళ్ళ మీద పడకుండా, తీరు తప్పు చెప్పకండి అని వాదించిందామె. అది నిజం కాబట్టి గెలుస్తాననుకుంది.

అమీను పక్కనున్న గుమాస్తా వైపు తిరిగాడు. “రాసుకో. ఉప్పు తన పెనంలోదేనని ఒప్పుకున్నది.”

నాయన ఎదురుతిరిగి ఏదో అన్నాడు. బెత్తంతో మెడ మీద పడింది. గడ్డపారలతో పెనాలు పగలగొట్టారు. తొట్టి కూలదోశారు. సగం దిగిన ఎర్రనీరు మా కాళ్ళ కిందుగా పారి నేలలోకి ఇంకిపోయింది. అవ్వ చేతులకు తాడు కట్టి కోయముత్తూరు దారిన నడిపించుకుపోయారు. ఆమె వెనక్కి తిరగలేదు. పన్నెండు గుడిసెలకూ కలిపి ఇచ్చిన చీటీని అమీను అందరి ఎదుటా చింపేశాడు.

ఆ సాయంత్రం అమ్మ నా రెక్క పట్టుకుని చింతతోపుకు ఈడ్చుకుపోయింది. దొర గుడారం ముందు బల్ల వేసుకుని ఆకులు కాగితాల మధ్య పెడుతున్నాడు. అమ్మ అతని కాళ్ళ దగ్గర పడి ఏడ్చింది. దుబాసీ చెప్పాడు. దొర మొహం నిజంగానే వాడిపోయింది. చట్టం తన చేతిలో లేదన్నాడు. పట్నంలో ఎవరికో రాస్తానన్నాడు. అమ్మ లేచి కళ్ళు తుడుచుకుంటుంటే దొర పుస్తకం తీసి ఇంకేదో మాట్లాడాడు. దుబాసీ అది చెప్పడానికి కాస్త తటపటాయించాడు.

“గంపెడు మన్నుకి బూడిద ఎంత వెయ్యాలని అడుగుతున్నారు. ముసలామె నిన్న చెప్పలేదంట.”

అమ్మ కొంగు దులిపి నడుముకు దోపుకుంది.

“అది ఆమెకే తెలుసు. జైల్లో ఉండాది, పోయి అడగమను,” అని నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

రెండు రోజులకు గుడారం ఎత్తేశారు. దొర రాశాడో లేదో మాకు తెలియలేదు.

తర్వాత పన్నెండు గుడిసెలూ చెదిరిపోయాయి. కొందరు మధుర వైపు పోయారు. కొందరు నాయకరు చేలల్లో పాలేర్లుగా చేరారు. వెళ్ళేముందు పక్కింటి పిన్నమ్మ అమ్మతో మాట్లాడింది, నాయనతో మాట్లాడింది. నా దగ్గరికొచ్చేసరికి కొంగు సర్దుకుంటూ దాటిపోయింది. నాయన కొండదారి వేసే పనిలో మన్ను తవ్వడానికి కుదిరాడు. అమ్మా నేనూ గంపలెత్తాం. మాకు తెలిసింది మన్నే గనక మన్నే దొరికింది. కాని అందులో వెతకడానికి ఏమీ లేదు. తవ్వడం, ఎత్తడం, పోయడం, అంతే.

ఆరు నెలలకు అవ్వ వచ్చింది. ఎవరు దారి చెప్పారో, రోడ్డు పని జరిగే చోటికి ఒక్కతే నడిచి వచ్చింది. జైల్లో తాళ్ళు పేనిన వేళ్ళు వంకరపోయాయి. అమ్మ సంగటి పెడితే తిన్నది. నాయన అడిగినవాటికి జవాబు చెప్పింది. నాతో కూడా మాట్లాడింది — నీళ్ళు తే, ఎండలో ఉండకు, తల దువ్వుకో. ఆ మాటలే.

రోడ్డు మీద వంతెన కట్టడానికి ఒకరోజు గుంటలో సున్నం పోసి నీళ్ళు పెట్టారు. పొగలు లేచాయి. ఆ బుసబుస వింటే నాకు ఒళ్ళు ఆగలేదు. అవ్వ కొంగు పట్టుకుని లాగాను.

“అవ్వా, అవ్వా! పెండ్లి చూడు!”

అవ్వ కొంగు విడిపించుకుని, లేచి, గుంట అవతలికి పోయి నాకు వీపు పెట్టి కూర్చుంది. ఆ తర్వాత నేను ఆమెను ఏదీ అడగలేదు. ఆమె ఎవరికీ ఏదీ నేర్పలేదు. బూడిద లెక్క ఎవరికీ తెలియకుండానే పోయింది.

నాకు పద్నాలుగో ఏట పెళ్ళి కుదిరింది. మధుర వైపు సంబంధం. వెళ్ళేనాటి పొద్దున అవ్వ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకు ఆముదం రాసి చిక్కు తీస్తోంది. మొహాలు ఎదురెదురుగా లేకపోవడంతో నాకు ధైర్యం వచ్చింది.

“అవ్వా, ఆ దినం చూపింది నేనే కదా. ఒక్కనాడైనా నన్ను ఎందుకు కొట్టలేదు?”

ఆమె చేతులు ఆగలేదు.

“మీ నాయన కొడతానన్నాడు. నేనే వద్దంటిని.”

“చిన్నదాన్ననా?”

“గాదు. కొట్టింటే నీకు ఆడికి తీరిపోతుండె. మాకు తీరలేదు. నీకు మాత్రం ఏంటికి తీరాల?”

కోపంగా అనలేదు. చిక్కు తీస్తూ, ఎక్కడా లాగకుండా, జుట్టు నొప్పి పుట్టకుండా పట్టుకుని అన్నది. జడ అల్లి, కొస ముడివేసి, “లే, పొద్దుపోతా ఉండాది, బండి కట్టినారు,” అంది.

నేను కాపురానికి వెళ్ళిన రెండో ఏడు ఆమె పోయింది. కబురు నాకు దినాలు అయిపోయాక అందింది. ఏడవలేదు. పొయ్యి ముందు కూర్చుని వంట చేశాను.

ఆమెకు నా మీద ఉన్న కోపం న్యాయమేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. ముసలితనం వచ్చాక అలా అనుకోవడం లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు అంత చదువు చెప్పి, దాన్ని ఎవరి ముందు దాచాలో చెప్పనిది ఆమె. ఆ దొర మన్నులో కూర్చోగానే పొంగిపోయి ముందు నోరు తెరిచింది ఆమె. నేను ఆమె చూపిన దారినే పరుగెత్తాను, రెండు అడుగులు ఎక్కువ వేశాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆరు నెలలు తాడు పేనుతూ ఆలోచించడానికి ఆమెకు ఇంకేముంది?

జడ వేయించుకున్న ఆ పొద్దున కూడా ఈ మాటలు నా గొంతు దాకా వచ్చాయి. “నువ్వు కూడా చూపినావు కదా అవ్వా,” అని ఒక్క మాట అని ఉంటే ఆమె నన్ను తిట్టి ఉండేది, లేదా ఏడ్చి ఉండేది. ఆమెకైనా తీరి ఉండేది. బండి కట్టి ఉంది. నేను లేచి కాళ్ళకు మొక్కి బయటికి నడిచాను. అనలేదు.